సవర అక్షరం ఉండే చోటు

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర గిరిజనులు కొందరు అక్షరాలనే దైవంగా కొలుస్తారు. 1936లో మంగేయ్ గొమాంగో వెలువరించిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో 24 అక్షరాలకు 24 మంది దేవతలున్నారు. 2012లో ఆ లిపి, రాత గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఒక సవర అక్షరం ఫైల్లో నాలుగు బైట్లుగా పడి ఉంటుంది. అప్పుడు కూడా అది అక్షరమేనా, చదివేవాళ్లు వచ్చాకే అవుతుందా? రెండోదే నిజమంటాను. సి ప్రోగ్రామింగ్ భాషలో వైడ్ క్యారెక్టర్లను, అంటే ఒక బైటులో పట్టని అక్షరాలను, చదివే తీరే దీనికి సాక్ష్యం.

ఎఫ్‌గెట్‌డబ్ల్యుసి అనే ఫంక్షన్ బైట్లను ఒక్కొక్కటిగా అందుకుంటుంది. మొదటి మూడింటితో ఏమీ తేలదు, వాటి జాడ మాత్రం లోపల నిలుస్తుంది. నాలుగోది రాగానే అక్షరం తేలుతుంది. ముందరి వర్ణాలు మిగిల్చిన సంస్కారాలతో కలిసి చివరి వర్ణం అర్థాన్నిస్తుందని మీమాంసకుడు కుమారిల భట్టు పదం గురించి చెప్పింది దాదాపు ఇదే. కానీ జాడ ఒక్కటే చాలదు. ఈ బైట్లను యుటిఎఫ్-8 పద్ధతిలో చదవాలని సెట్‌లొకేల్ అనే ఫంక్షన్‌తో ముందే చెప్పకపోతే, లినక్స్‌లో ఎఫ్‌గెట్‌డబ్ల్యుసి ఆ అక్షరాన్ని ఇవ్వదు. బైట్లు మారలేదు, చదివే ఒప్పందం మారింది. విండోస్‌లో ఇంకో చిక్కు ఉంది. అక్కడ వైడ్ క్యారెక్టర్‌కు 16 బిట్లే, 65,535 దాటిన సంఖ్య అందులో పట్టదు. సవర లిపి యూనికోడ్ సంఖ్యలు 69,840 దగ్గర మొదలవుతాయి. అందుకే లినక్స్‌లో ఒకటిగా వచ్చే అక్షరం అక్కడ రెండు ముక్కలుగా వస్తుంది.

బైట్ల సంగతి వదిలేయండి, యూనికోడ్ సంఖ్యే అసలు అక్షరం అనవచ్చు. తెలుగు దీనికి ఒప్పుకోదు. ‘శ్రీకాకుళం’ బడిపిల్లలకు నాలుగక్షరాలు, యూనికోడ్‌కు పది సంఖ్యలు, ఫైలుకు ముప్పై బైట్లు. ‘శ్రీ’ ఒక్కదానికే ఆ ఫంక్షన్‌ను నాలుగుసార్లు పిలవాలి, ఏ పిలుపులోనూ ‘శ్రీ’ రాదు. తెలిసేది అఖండం, ముక్కలు మన సౌకర్యం కోసం చేసుకున్నవి అన్న వ్యాకరణవేత్త భర్తృహరి మాట ఇక్కడ కావాలి. కుమారిలుడి లెక్క సంఖ్య దాకా తీసుకొస్తుంది, అక్షరం దాకా కాదు.

అక్షరం ఒప్పందమే అయితే దాన్ని పూజించడం భ్రమ కాదా అన్నది దీనికంటే బరువైన ఆక్షేపణ. కాదు. ఆలయంలో రాతికి ప్రాణప్రతిష్ఠ చేసేదీ మనుషులే, అంతమాత్రాన ఆ దైవాన్ని భ్రమ అనం. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర మాటలు విని నేర్చుకుని, మొదట తెలుగు లిపిలోనే సవర పుస్తకాలు రాశారు. మాటలు సవరవే, పలుకూ సవరదే. అయినా ఆ తెలుగు అక్షరాలు సవరలకు పూజ్యం కాలేదు. అంటే పవిత్రత పలుకులోనూ లేదు, గీతలోనూ లేదు, ఒక జనం ఇది మనదని నిలబెట్టుకోవడంలో ఉంది. ఆ నిలబెట్టుకోవడం భ్రమ కాదు, తరాలుగా సాగే పని. కాబట్టి విండోస్ రెండుగా చీల్చినంత మాత్రాన దేవతకు భంగం రాదు. ఆ రెండు ముక్కలను ఒకటిగా చదవాలన్న నియమం యూనికోడ్‌లోనే ఉంది. దాన్ని పాటించడం ప్రోగ్రాం రాసేవారి బాధ్యత.