రియాద్‌కి ఎన్ని గంటలు?

“బాజీ, రియాద్‌కి ఎన్ని గంటలు?” అని అడిగిందామె. 2011లో, శంషాబాద్ విమానాశ్రయం ఇమిగ్రేషన్ క్యూలో. నేను దుబాయ్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను. ఆమె తలాబ్‌కట్ట నుంచి ఇంటిపనికి వెళ్తోంది. అప్పట్లో దేశం దాటేవాళ్ళంతా ఒక కార్డు నింపాల్సి వచ్చేది (2017లో మనవాళ్ళకి తీసేశారు). అది నింపిపెట్టమని నా చేతికిచ్చింది.

“ఐదు గంటలు,” అన్నాను.

“అంతేనా! గుల్బర్గా ఉర్సుకి బస్సులో పోయినా అంతే పడుతుంది,” అని నవ్వింది.

గుల్బర్గా 200 పైచిలుకు కిలోమీటర్లు, రియాద్ దాదాపు 3,400. గంటల లెక్కలో రెండూ ఒకటే. కానీ గుల్బర్గాలో మనసు బాగోకపోతే ఆ రాత్రే బస్సెక్కి గౌలిగూడలో దిగొచ్చు. రియాద్ నుంచి రావాలంటే, ఆ రోజుల్లో, యజమాని ఒప్పుకుని ఎగ్జిట్ వీసా ఇప్పించాలి. వెళ్ళడానికి పట్టే గంటలే టికెట్ మీద ఉంటాయి.

కార్డు నింపుతూ పాస్‌పోర్టులో పుట్టిన తేదీ చూశాను. ఆ లెక్కన 31. ముఖం చూస్తే 22 దాటి ఉండవు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే స్త్రీలకి 30 నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మగ కూలీలకి ఆ ముప్ఫై లేదు. నేను తలెత్తాను. ఆమె నా వైపే చూస్తోంది. ఉన్న తేదీనే రాశాను.

అప్పుడే నాకు 1991 గుర్తొచ్చింది. ఆ ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో పాతబస్తీ పాప ఒకతి ఏడుస్తూ కూర్చుంది. పదేళ్ళో పదకొండేళ్ళో. పక్కన అరవయ్యేళ్ళ సౌదీ మనిషి, పెళ్ళి చేసుకుని తీసుకెళ్తున్నాడు. ఎందుకేడుస్తున్నావని అడిగింది ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లూవాలియా. ఢిల్లీలో అతన్ని అరెస్టు చేశారు. రెండు గంటల ప్రయాణమది. విమానమెక్కే లోపల ఆ పాపని ఎంతమంది చూసి ఉంటారు! (ఆ తర్వాత పాతబస్తీ అంటే షేకుల పెళ్ళిళ్ళే అన్నట్టు పత్రికలు రాశాయి. అది వేరే గాయం.)

మరి నేనెందుకు నోరు విప్పలేదు? ఆ పాప ఏడుస్తోంది, ఈమె నవ్వుతోంది. పాప వెళ్ళనంటోంది, ఈమె వెళ్తానంటోంది. నేను చెబితే ఆమె ప్రయాణం ఆగేది, దానికోసం చేసిన అప్పు ఆగదు. ఆమె నిర్ణయాన్ని గౌరవించానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మనలాంటివాళ్ళకి ఈ మాట ఎంత తేలిగ్గా దొరుకుతుందో!

అడగడం వేరు, ఆపడం వేరు. ఆపకూడదు కాబట్టి అడగనూ లేదు నేను. ఎవరింటికి వెళ్తున్నావు, జీతం ఎంతన్నారు, ఆ ఒప్పంద కాగితం నీ దగ్గరుందా, కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేస్తావు? ఇవి అడిగితే ఏ విమానమూ ఆగదు. ఆ క్యూ ఇరవై నిమిషాలు నడిచింది. కార్డులో గళ్ళన్నీ పొందికగా నింపాను, పెన్ను నా చేతిలోనే ఉంది. ఒక చీటీ మీద నా ఫోన్ నంబరు రాసిస్తే సరిపోయేది.