అడవి యెవరి విహారస్థలము?

మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాల మెట్టభూములలో పుట్టి పెరిగినవారికి నీడ యన్నది అపురూపమైన వస్తువు. ఎటు చూచినను రాతిగుట్టలు, జొన్నచేలు, వేసవిలో ఎండిన కుంటలు. అట్టివారు అచ్చంపేట దాటి, మన్ననూరు కడ ఘాటు నెక్కి, నల్లమలలో అడుగుపెట్టినతోడనే ప్రాణము లేచివచ్చినట్లగును. సెలవుదినములందు హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాటపై కుటుంబములు కుటుంబములుగా జనులు వచ్చి, ఫరాహాబాదు కడ జీపు లెక్కి, అడవి చూచి పోవుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు. అడవి యనగా మునులకును మృగములకును దొంగలకును తప్ప గృహస్థులకు, అందును స్త్రీలకు, తగని చోటని యెంచిన కాలము పోవుటయే మేలు. పుస్తకములోని నెమలికంటె పొదమాటున కూయు నెమలి బిడ్డకు ఎక్కువ నేర్పును.

అయినను ఒక ప్రశ్న మమ్ము విడువకున్నది. మనకు ఇంత యానందము నిచ్చు ఈ యడవి యెవరి కొఱకు కాపాడబడినది? ఆ కాపాడుటలో ఎవరు ప్రక్కకు త్రోయబడిరి?

నిజాము ప్రభువుల కాలమున అమ్రాబాదు పీఠభూమి వేటకు పేరొందినది. ఫరాహాబాదు అను పేరే చూడుడు. ఫరహ్ అనగా సంతోషము. అది సంతోషపు టూరు. సంతోషించినవారు ప్రభువులును వారి యతిథులును. పులి సంతోషించియుండదు. మృగమును లేపుటకై పొదలు కొట్టువాని సంతోషము మాట యెవ రడిగిరి? 1940లో హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు ఈ పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. చెంచులు తమ పల్లెను పెంట యందురు. అట్టి చిన్న పెంటలలో గడ్డలు త్రవ్వుకొని, తేనె దించుకొని బ్రతుకు ఈ జనులకు అడవియే యిల్లనియు, దానిని వారికి విడువవలెననియు ఆయన సర్కారునకు తెలిపెను. ఆ సలహాను బట్టి వారి కొఱకు కొంత యడవి ప్రత్యేకింపబడినది కూడ.

తరువాత రాజ్యము మాఱెను. 1983లో నాగార్జునసాగరు, శ్రీశైలముల నడుమనున్న యడవి పులుల రక్షితప్రాంత మయ్యెను. తెలంగాణ మేర్పడిన పిదప, 2015లో, కృష్ణ కీవలి భాగము అమ్రాబాదు పులుల యభయారణ్యముగా వేఱుపడినది. విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు; అందు నడిమి భాగము 2,166. దానిలో అధికభాగము 2016లో మహబూబ్‌నగరునుండి విడివడిన నాగర్‌కర్నూలు జిల్లాలోను, కొంత నల్లగొండ జిల్లాలోను ఉన్నది. ఈ విధముగా ఒకే యడవి మొదట రాజు కొఱకు, పిమ్మట పులి కొఱకు, ఇప్పుడు పులితోపాటు మన కొఱకు కాపాడబడుచున్నది. ప్రతిసారియు ‘కొంచెము జరుగుడు’ అనిపించుకొన్నవారు చెంచులే.

పులి పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. దానికి విశాలమైన, అలికిడి లేని యడవి కావలెను. జింక లేనిచో పులి లేదు, గడ్డి లేనిచో జింక లేదు. అడవిశాఖవారి కాపలా లేకున్న నల్లమలలో టేకుచెట్లు నేటికి ఎన్ని మిగిలియుండునో యని మేమును సంశయింతుము. రాత్రి తొమ్మిది మొదలు ఉదయ మాఱు వఱకు ఈ బాటపై బండ్ల నాపుటకు గొణుగువారు కలరు. మే మా నియమమును మెచ్చుచున్నాము. కాని మనుష్యసంచారము పులికి చెఱుపు చేయునన్న వాదము న్యాయమైనదైనచో, అది మొదట మనకు తగులవలెను గదా! టిక్కెట్టు కొని జీపులో వచ్చినవాని సంచారము విహారము. తపసిబంక కొఱకు కాలినడకను పోయిన స్త్రీ సంచారము అభ్యంతరము. ఈ భేదమును ఏ తర్కము నిలుపును? రూపాయి తప్ప వేఱు కారణము మాకు కనబడలేదు. విహారపు సొమ్మువలన చెంచు యువకులకు దారి చూపు పనియు, పులిజాడ లరయు పనియు దొరకుచున్నవందురు. నిజమే, మంచిదే. అయినను కూలి వేఱు, హక్కు వేఱు. ఇంటివానికి ఆ యింటి గుమ్మము కడనే కావలి యుద్యోగ మిచ్చి, ఉపకారము చేసితిమని చెప్పుకొనుట యెట్లుండును?

ఇట్టి చిక్కు మన దేశమునకే వచ్చినది కాదు. లండను నగరము చెంతనున్న ఎప్పింగు అడవిని భూస్వాములు కంచెలు వేసి కలుపుకొనుచుండగా, అడ్డు నిలిచినవారిలో లౌటన్ గ్రామపు పేదలు ముఖ్యులు. శీతకాలమున కొమ్మలు నఱికి వంటచెఱకు తెచ్చుకొనుట వారికి తరతరముల హక్కు. దానిని పట్టుకొనియే వారు పోరాడిరి. 1878లో చట్టము వచ్చి, అడవి ప్రజల విహారము కొఱకు దక్కినది. 1882లో విక్టోరియా రాణి స్వయముగా వచ్చి దానిని ప్రజల కర్పించెను. కాని ఆ చట్టముతోనే కొమ్మలు నఱకు హక్కు రద్దయ్యెను. బదులుగా ముట్టిన సొమ్ముతో ఆ యూర నొక సభామందిరము కట్టి 1884లో తెఱచిరి. కొమ్మలు నఱకుటనుబట్టియే దానికి పేరు పెట్టిరి. హక్కు పోయినది, పేరు నిలిచినది.

మన యడవిలోను దీనికి పోలిక యున్నది. 2019లో నల్లమలలో యురేనియము వెదకుదురన్న వార్త పుట్టగా, పట్టణములలోని విద్యావంతులు నల్లమలను రక్షింపుడని యెలుగెత్తిరి. ఆ సెప్టెంబరులో శాసనసభ త్రవ్వకములకు ప్రతికూలముగా తీర్మానించెను. ఆనాడు సభలలో చెంచుల పేరు బిగ్గఱగా వినబడినది. భయము తగ్గిన పిదప ఆ పేరు పలుకువారును తగ్గిరి.

2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము, ఇట్టి యడవినుండి యెవరినైనను కదలింపవలెనన్న ముందుగా వారి హక్కులను గుర్తించి, గ్రామసభ స్వేచ్ఛగా నిచ్చిన సమ్మతిని వ్రాతమూలమున పొందవలెను. తరలిపోవు కుటుంబమునకు 15 లక్షల రూపాయలు, లేదా భూమి, యిల్లు మొదలగునవి. ఈ సమ్మతి యన్నమాటను తూచి చూడవలెను. బడి లేదు, వైద్యుడు లేడు, బాట వేయము. ఉందురా, పోవుదురా యని యడిగి పొందినది సమ్మతియా? అట్లని, చెంచుపిల్లలు చదువుకొని బయటికి పోగోరినపుడు ‘మీరు అడవిలో నున్ననే అందము’ అని మనము చెప్పుటయు క్రూరమే. వారు మన కన్నులపండువ కొఱకు నిలిపిన బొమ్మలు కారు. ఉండుటయు పోవుటయు రెండును నిజముగా సాధ్యమైనపుడే వారు కోరినది కోరిక యగును.

విహరింపదగిన తీరు మన పల్లెలవా రెఱుగనిది కాదు. చైత్రపూర్ణిమకు ఈ యడవిలో సలేశ్వరము జాతర జరుగును. లోతైన లోయలో జలపాతము, దాని చెంత గుహలో లింగము, పూజారులు చెంచులే. మెట్టపల్లెల రైతులు రాళ్లపై దిగుచు, లింగమయ్యా వచ్చుచున్నామని కేకవేయుదురు. మరలునపుడు పోవుచున్నామని చెప్పి పోవుదురు. భక్తి మాట యటుంచి, ఇది పరుల యిల్లని యెఱిగి చెప్పి వచ్చుట, చెప్పి పోవుట మాకు నచ్చినది. నేడు ఆ జాతరలో వేలకొలది జనులు పాఱవేసిపోవు ప్లాస్టికు సీసాలను ఎవ రేరుదురో చదువరు లూహింపగలరు. వచ్చు చైత్రమున పోవు కుటుంబములు తమ సీసాలను తామే మోసికొని రావలెను. ఫరాహాబాదులో జీపెక్కువారు దారి చూపు చెంచు యువకుని పులి యెక్కడ నని మాత్రమే గాక, అతని పెంటకు హక్కుపత్రము వచ్చినదా యనియు అడుగవలెను. రాలేదని చెప్పినచో, ఇల్లు చేరి తమ శాసనసభ్యునికి వ్రాయు జాబులో ఆ పెంట పేరు వ్రాయవలెను.