గొడ్డు అనే మాట

పోయిన ఎండాకాలం దేవరకొండ దగ్గర మా ఊళ్ళో పశువైద్య శిబిరం పెట్టారు. మా చిన్నమ్మ కూతురు అప్పుడు సెలవులకు వచ్చి ఉంది. పక్క రాష్ట్రంలో ఒక పశువైద్య కళాశాలలో పాఠాలు చెబుతుంది. ఎక్స్‌రే, స్కానింగ్ ఆమె రంగం. పశువైద్యంలో చాలాచోట్ల దీనికి విడిగా విభాగం ఉండదు, శస్త్రచికిత్సతో కలిపే ఉంటుంది. ఆ చదువుకు వెళ్ళిన కొత్తలో 'పెద్ద పశువులతో ఆడపిల్ల నెగ్గలేదు, కుక్కలూ పిల్లులూ చూసుకో' అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆమె బర్రెల దగ్గరికే వెళ్ళింది. ఆ రోజు శిబిరం డాక్టరు పిలిస్తే వెళ్తూ నన్నూ రమ్మంది.

ఒక ముసలామె బక్కచిక్కిన బర్రెను తోలుకొచ్చింది. "సూడి కట్టిందా లేదా, అదొక్కటి చెప్పు బిడ్డా. లేకుంటే వచ్చే అంగడికి తోలుత" అంది. వెనక నిలబడ్డ మనిషెవరో నవ్వుతూ అన్నాడు: "గొడ్డు బర్రె మేడమ్, ఏం జూస్తరు దాన్ని?"

ఆ మాటకు బర్రె తల తిప్పలేదు. నేను తిప్పాను.

నాకు పెళ్ళయి పన్నెండేళ్ళు. పిల్లల్లేరు. హైదరాబాద్‌లో ఒక స్కానింగ్ గదిలో పొట్ట మీద చల్లటి జెల్ రాసుకుని పడుకుని ఉంటే, డాక్టరు తెర వంక చూస్తూ మా ఆయనతో మాట్లాడింది. నా లోపలి సంగతి నాకు తప్ప అందరికీ చెప్పినట్లనిపించింది. తర్వాత బంధువుల ఇంట్లో తొట్టెల ఫంక్షన్‌లో ఇదే మాట నా వీపు వెనక విన్నాను. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న మనిషిని కదా, ఏడవడానికి ముందు ఆ మాట గురించి ఆలోచించాను. గొడ్డు అంటే పశువు. గొడ్డు అంటే కననిది కూడా. కడుపుతో ఉన్న పశువుకు చూడి అనీ, మనిషికి చూలాలు అనీ రెండు మాటలు పెట్టుకున్న భాష, కననిదాని దగ్గరికి వచ్చేసరికి మనిషినీ పశువునూ ఒకే తాటికి కట్టేసింది.

ఈ యంత్రం కథ కూడా చిత్రమైనదే. లోహాల్లో పగుళ్ళు వెతికే పరికరాన్ని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ ఆడవాళ్ళ కడుపుల మీద పెట్టి చూశాడు. ఆ ఫలితాలు 1958లో అచ్చయ్యాయి. 1980 నాటికి ఆడగుర్రాల గర్భాశయాలను కూడా దీంతో చూడడం మొదలైంది. ఇవాళ బర్రె కట్టిన నెల రోజులకే తెలిసిపోతుంది. రెండు నెలలకు లోపల ఉన్నది పెయ్యా దున్నా అన్నదీ చెప్పొచ్చు. బర్రె విషయంలో ఆ ప్రశ్న అడగడం నేరం కాదు. మనిషి విషయంలో నేరమని 1994లో చట్టం చేయాల్సి వచ్చింది. పెయ్యదూడ పుడితే పండగ చేసుకునే ఈ దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచే ఆడశిశువుల్ని అమ్మడం 1999లోనూ, 2001లోనూ బయటపడి దేశమంతా మాట్లాడుకుంది. ఆ తల్లుల పేదరికాన్ని మరచి నేనీ మాట అనడం లేదు. పాలిస్తుంది కనుక పెయ్య కావాలి. కట్నం అడుగుతారు కనుక ఆడపిల్ల వద్దు. ఒకచోట కోరిక, ఒకచోట భయం. లెక్క మాత్రం ఒక్కటే. బర్రెకు దొరికే ఆ విలువ మనకూ దొరికితే చాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పాలు ఆగిన రోజున ఆ విలువ ఎక్కడికి తోలుకుపోతుందో మనకు తెలుసు.

చెల్లెలు భుజం దాకా తొడుగు వేసుకుని, చిన్న తెర వంక చూస్తూ చాలాసేపు వెతికింది. తర్వాత తెరను ముసలామె వైపు తిప్పింది. "చూడవ్వా. ఇదీ గర్భసంచి, ఖాళీగ ఉంది. ఇవి అండాశయాలు. చిన్నగయి పని ఆపుకున్నయి. ఏ లోపమూ నాకు కనిపిస్తలేదు. మేత చాలక, ఎండకు తట్టుకోలేక ఇట్లయినట్టుంది."

"అంటే గొడ్డు గాదా?"

"ఆకలిది."

ఆ రాత్రి మంచాలు బయట వేసుకుని మాట్లాడుకున్నాం. "నువ్వు తీయగా చెప్పావు గానీ ఖాళీ అన్న మాటే దాన్ని అంగడికి తోలుతుంది. చూడడమంటే తీర్పు చెప్పడమే కదా" అన్నాను.

"అబద్ధం చెప్పమంటావా అక్కా? దాన్ని మేపలేక ఆమె కూడా ఎండిపోతుంది. మేం రాసే రిపోర్టులో రెండు భాగాలుంటాయి. కనిపించింది ఒకటి, దాన్నిబట్టి నేను అనుకునేది ఒకటి. రెండూ కలిపేసి రాసిన పిల్లలకు మార్కులు తగ్గిస్తాను. ఖాళీ అన్నది కనిపించింది. గొడ్డు అన్నది ఏ తెర మీదా కనిపించదు. అది చూసేవాళ్ళ నోట్లో ఉంటుంది."

నాకు నిద్ర పట్టలేదు. నా సిద్ధాంత గ్రంథంలో, పిల్లల్లేని స్త్రీ పాత్ర ఎక్కడ కనిపించినా దాన్ని 'వెలితికి ప్రతీక' అని రాశాను. పాత్ర ఏం చేసింది, ఏం తిన్నది, ఎవరితో నవ్వింది అన్నవి చూడకుండానే రెండో భాగానికి దూకేశాను. స్త్రీవాద విమర్శ అని పేరు పెట్టుకుని, మర్యాదైన మాటల్లో నేనూ గొడ్డు అనే అన్నాను. నాకు ఒక్క మార్కు కూడా తగ్గలేదు.

చూసే అధికారం చేతికొచ్చినవాళ్ళు ఏం బాకీ పడతారన్నది నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. తెరను ఎదుటివాళ్ళ వైపు తిప్పడం ఒకటి. తమకు కనిపించినంత వరకే ఆగడం ఒకటి. కానీ అంత నిజాయితీ కూడా గడ్డిమోపు కాదు. ముసలామెకు కావాల్సింది మేత. దాన్ని మేమిద్దరమూ ఇవ్వలేదు.

ఆషాఢంలో మళ్ళీ ఊరికి వెళ్ళినప్పుడు ఆమె కనిపించింది. బర్రె ఎట్లుందని అడిగాను.

"అమ్మిన బిడ్డా. గడ్డి యాడ తేను?" అంది. కొంచెం దూరం పోయి, వెనక్కి తిరిగింది. "సాదుకునేటోనికే ఇచ్చిన. గొడ్డు గాదు, ఆకలిది అని చెప్పి మరీ ఇచ్చిన."