సృష్టి విశ్వాసానికి సైన్సు సాక్ష్యం అవసరమా?

ఈ విశ్వం తనంతట తానే ఏర్పడలేదని, దీనికి ఒక సృష్టికర్త ఉన్నాడని క్రైస్తవులు విశ్వసిస్తారు. ఈ ఒక్క విషయంలో వారికీ మనకూ భేదం లేదు. మరి ఆధునిక విజ్ఞానశాస్త్రం ముందు ఈ విశ్వాసం నిలుస్తుందా? ఈ ప్రశ్నపై క్రైస్తవ లోకంలో శతాబ్దాలుగా వాదోపవాదాలు జరిగాయి. విశ్వాసానికి నిజంగా నష్టం కలిగించింది శాస్త్రమా, లేక విశ్వాసుల తొందరపాటా? ఆ చరిత్రను పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

మనిషి వేసిన లెక్క

ఐర్లాండుకు చెందిన ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ గొప్ప పండితుడు. బైబిల్‌లోని వంశావళులను, రాజుల పాలనా కాలాలను లెక్కగట్టి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని ఆయన 1650లో ప్రకటించాడు. 1701 నుంచి ఇంగ్లీషు బైబిల్ ప్రతుల అంచుల్లో ఈ సంవత్సరాన్ని ముద్రించసాగారు. దాంతో ఒక మనిషి వేసిన లెక్క సామాన్య విశ్వాసి దృష్టిలో దైవవాక్యమంత పవిత్రమైపోయింది. తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞులు రాతి పొరలను పరిశీలించి, భూమి వయస్సు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని తేల్చారు. నేటి అంచనా ప్రకారం అది సుమారు 450 కోట్ల సంవత్సరాలు. నిజానికి తప్పని తేలింది అషర్ లెక్క మాత్రమే. కాని ఎంతోమందికి బైబిలే తప్పని తేలినట్లు అనిపించింది.

ఈ ప్రమాదాన్ని క్రైస్తవ పూర్వ పండితులు గుర్తించకపోలేదు. నేటి అల్జీరియా తీరంలోని హిప్పో నగరానికి బిషప్‌గా ఉండి 430లో మరణించిన అగస్టీన్, ఆదికాండంలోని ఆరు దినాలను మన మామూలు రోజులుగా భావించనక్కర్లేదన్నాడు. ప్రకృతి గురించి తెలియని విషయాలను గ్రంథం పేరుతో మాట్లాడితే, తెలిసినవారు నవ్వుతారనీ, ఆ నవ్వు చివరికి గ్రంథం మీదికే వస్తుందనీ హెచ్చరించాడు. ఈ హెచ్చరికను తర్వాతివారు అంతగా పట్టించుకోలేదు.

న్యాయస్థానంలో విశ్వాసం

అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం పరిణామ సిద్ధాంతాన్ని ప్రభుత్వ పాఠశాలల్లో బోధించరాదని 1925లో చట్టం చేసింది. అదే సంవత్సరం జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయునిపై విచారణ జరిపి 100 డాలర్ల జరిమానా వేశారు. ఆ విచారణలో బైబిల్ పక్షాన నిలబడిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్, ఎదుటి న్యాయవాది ప్రశ్నలకు జవాబిస్తూ, సృష్టి దినాలు 24 గంటల రోజులే కానక్కర్లేదని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ చట్టం 1967 వరకు కొనసాగింది. తర్వాత కొందరు మరో దారి పట్టారు. సృష్టి విశ్వాసానికే సైన్సు పేరు పెట్టి పాఠశాలల్లోకి తేవాలని చూశారు. పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణ వ్యాజ్యంలో 2005లో ఫెడరల్ న్యాయస్థానం ఇది సైన్సు కాదని తీర్పు చెప్పింది. విశ్వాసానికి సైన్సు దుస్తులు తొడిగినవారే దానిని సైన్సు కొలతకు అప్పగించారు!

ఒక మతగురువు నిజాయితీ

దీనికి భిన్నమైన ఉదాహరణ బెల్జియంకు చెందిన జార్జ్ లెమైత్ర్. ఆయన 1923లో క్యాథలిక్ మతగురువు అయ్యాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా. విశ్వం విస్తరిస్తోందని 1927లో, అది ఒకే ఆదిమ అణువు నుంచి మొదలై ఉండవచ్చని 1931లో ప్రతిపాదించాడు. మహా విస్ఫోటన సిద్ధాంతానికి ఇదే పునాది. 1951లో పోప్ 12వ పయస్ తన ప్రసంగంలో, ఆధునిక శాస్త్రం విశ్వానికి ఆరంభం ఉందని చెబుతూ సృష్టికర్తకు సాక్ష్యం ఇస్తోందన్నాడు. ఇది విని లెమైత్ర్ సంతోషించి ఉంటాడని మనం అనుకుంటాం. కాని ఆయనకు అది నచ్చలేదు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు సంబంధించింది కాదనీ, ఆస్తికుడైనా నాస్తికుడైనా దానిని స్వేచ్ఛగా పరిశీలించవచ్చనీ ఆయన అభిప్రాయం.

ఎందుకిలా? అప్పటికి ఆ సిద్ధాంతం రుజువు కాలేదు. విశ్వానికి ఆరంభమే లేదనే మరో సిద్ధాంతం 1948 నుంచి దానికి పోటీగా ఉంది. ఒకవేళ ఆ సిద్ధాంతమే గెలిచి ఉంటే, సృష్టికర్త లేడని ఒప్పుకోవలసిందేనా? పదమూడవ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ దీనికి ముందే జవాబు చెప్పాడు. విశ్వం అనాదిగా ఉందనుకున్నా, అది తన ఉనికి కోసం సృష్టికర్తపైనే ఆధారపడి ఉంటుంది. అంటే, సృష్టి అనేది ఆరంభ ఘడియకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక స్థితి నుంచి మరో స్థితి ఎలా వచ్చిందో శాస్త్రం చెబుతుంది. అసలు ఏదైనా ఎందుకు ఉంది, మన బతుకుకు మనం ఎవరికి జవాబుదారులం అనే ప్రశ్నలకు దూరదర్శినిలో సమాధానం కనిపించదు.

మన సంగతి

ఇది క్రైస్తవులకు మాత్రమే పాఠం కాదు. వార్తాపత్రికలో వచ్చిన ప్రతి కొత్త పరిశోధనకూ ఒక ఆయతును జతచేసి సంబరపడే అలవాటు మనలోనూ ఉంది. రేపు ఆ పరిశోధన తప్పని తేలితే, దానిని నమ్ముకొని ఇస్లాంను అర్థం చేసుకున్న యువకుడి గతేమిటి? దైవప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకున్నారు. దైవప్రవక్త (స) మౌనంగా ఉన్నా ఆయన ఘనత జనం దృష్టిలో పెరిగి ఉండేది. కాని ఆయన వెంటనే ఆ మాటను ఖండించారు. గ్రహణానికీ, ఎవరి చావు పుట్టుకలకూ సంబంధం లేదని స్పష్టం చేశారు. తనకు అనుకూలంగా ఉన్నా సరే, సరికాని సాక్ష్యాన్ని ఆయన స్వీకరించలేదు.

సత్యానికి అబద్ధపు ఊతకర్ర అవసరం లేదు. తొందరపాటుతో తెచ్చిన ఊతకర్ర కూడా అవసరం లేదు. అల్లాహ్ మనకు విశ్వాసంలో దృఢత్వాన్ని, మాటలో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.