చెప్పవద్దన్న మాట

పెట్టినవాని మనస్సు నిర్మలమైనచో పదార్థమునకు దోషము లేదని మనవారు చెప్పుదురు. ఎరుగక తినినవానికి పాపమంటదని దానికి తోడుగా మరియొక మాట. ఈ రెండు మాటలును కలిసి ఎన్ని వంటయిండ్లకు ఊరట కలిగించుచున్నవో కాని, నాకు మాత్రము కలిగించుట లేదు. నిర్మలమైన మనస్సు పెట్టువానిది, వ్రతము తినువానిది. ఒకరి మనస్సు వేరొకరి వ్రతమునకు పూచీ యెట్లగును?

బీదరు గాంధీగంజులో ఒక అడతి దుకాణమున నేను లెక్కలు వ్రాయుదును. కందులు, పెసలు, మినుములు, సోయాచిక్కుళ్లు దిగు రోజులలో కాంటాల చప్పుడును, బస్తాల దుమ్మును, కన్నడము, దక్కనీ ఉర్దూ, మరాఠీ, మా తెలుగు అన్నియు ఒకే వాకిట కలియును. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాజ్యములోనిదే యగుటచేతను, జహీరాబాదు చేరువనే యుండుటచేతను, ఇక్కడ మా భాష పరాయిది కాదు.

సాయంకాలములందు ఇంటివద్ద గుడ్లు ఉడకబెట్టి పరీక్షించుట నాకు ఇష్టమైన పని. ఆనాడే పెట్టిన గుడ్డు పెంకు తెల్లసొనను ఒక పట్టాన వదలదు. కొన్నినాళ్లు నిలువయున్నచో లోపలి బొగ్గుపులుసు వాయువు పెంకులోని సూక్ష్మరంధ్రములగుండ వెడలిపోయి, సొనకు క్షారగుణము హెచ్చి, పెంకు సుఖముగా ఊడివచ్చును. చన్నీళ్లలో వేసి కాచుటకంటె మరుగు నీళ్లలోనికి దించుట మేలు. మితిమీరి ఉడికినచో పచ్చసొనచుట్టు పసరువన్నె వలయ మేర్పడును. అది తెల్లసొనలోని గంధకమును పచ్చసొనలోని ఇనుమును కలిసి పుట్టించినదే కాని విషము కాదు. ఉడికిన గుడ్డు ఇట్లు తన కథనంతయు పైకి చెప్పివేయును. అదే గుడ్డును గిలకొట్టి పిండిలో కలిపినప్పుడో, గాలిని పట్టి నిలిపి, నేతిని నీటితో పొత్తు కుదిర్చి, వేడికి గట్టిపడి కేకునకు నిలుకడ నిచ్చి, తాను మాత్రము అంతర్ధానమగును. ఓవెను లేని మా యింట ఉప్పు పరచిన కుక్కరులో, రబ్బరు పట్టీయు విజిలును తీసివేసి, నేను కేకులు చేయుచు దుకాణమునకు తీసికొనిపోవుచుందును.

నా సంశయము అక్కడనే పుట్టినది. మా దుకాణమున జమాఖర్చులు చూచు వృద్ధుడొకాయన కలరు. మెడలో ఇష్టలింగము, నుదుట విభూతి, జహీరాబాదువైపు బంధుత్వముండుటచే చక్కని తెలుగు. అందరమును ఆయనను కాకా యందుము. మొదటిసారి కేకు తెచ్చిననాడు అందరికిని పంచుచు ఆయన యొద్దకు వచ్చి, దీనిలో గుడ్డున్నదని చెప్పుటకు నేను నోరు తెరచునంతలో, ఆయన అరచేయి యెత్తి నన్ను వారించిరి.

"చెప్పకు బిడ్డా. నేను అడగలే గద."

నేను నిలుచుండిపోయితిని. ఆయన ముక్క తీసికొని, కాగితముపై పెట్టుకొని, కొంచెము గొంతు తగ్గించి మరల ననిరి: "తెలిస్తే తినరాదు. తినకపోతే నీ మనసు కష్టమైతది. బేకరీల తెచ్చినప్పుడు ఎవడు చెప్తున్నడు?"

అని తినిరి, బాగున్నదని మరియొక ముక్క అడిగిరి. ఆ సమయముననే గడపవెలుపల, బస్తాల నీడను, మా హమాలీ జొన్నరొట్టెతో ఉడికిన గుడ్డు తినుచుండెను. అతని గుడ్డును గూర్చి చెప్పవలదని యెవరును కోరలేదు. కోరవలసిన పనియు లేదు, అది వెలుపల నున్నది కనుక.

మట్టియే నిజము, కుండ యనునది పేరు మాత్రమే యన్న మాటకు తలలూపినవారమే మనమందరము. వంటయింటి గడప దాటిన పిదప ఆ మాట నిలుచునా? ఒకే పదార్థము తెల్లగా గుండ్రముగా కంటబడినప్పుడు నిషిద్ధము, కేకులో లీనమైనప్పుడు భక్ష్యము. ఇది కపటమని త్రోసివేయుట సులభమే. కాని కాకా ముఖము జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల నా తీర్పు నిలువదు. ఫారములోని గుడ్డున కోడిపుంజు పొత్తు లేదు, ప్రాణము లేదు, కావున అది శాకమే యని వాదించువారి మాట జీవశాస్త్రమున నిజమే కావచ్చును. ఇక్కడ అది వ్యర్థము. ఆయన వ్రతము పదార్థమునకు సంబంధించినది కాదు, తల్లికిని మఠమునకును ఇచ్చిన మాటకు సంబంధించినది. అట్లయినచో ఆ వ్రతమును భంగము చేయునది గుడ్డు కాదు, 'ఉన్నది' యన్న నా పలుకు. సత్యము పలికినందువలననే ఒకని నియమము చెడునను స్థితి నాకు మిక్కిలి భయమును కలిగించుచున్నది.

మరి మౌనమే మేలనుకొందునా? ఆ మౌనము అందరికిని దొరకునది కాదు. 2021 డిసెంబరులో మా బీదరు మొదలగు కల్యాణ కర్ణాటక జిల్లాలలోను విజయపురమునందును బడిపిల్లలకు మధ్యాహ్నభోజనమున ఉడికిన గుడ్డు పెట్టనారంభించిరి, తిననివారికి అరటిపండనిరి, కొందరు మఠాధిపతులు వలదనిరి, మరుసటి యేడు అది రాష్ట్రమంతటికిని వ్యాపించినది. ఆ వివాదమున నేను సంకోచము లేక గుడ్డు పక్షమే. ఆరు గ్రాముల మాంసకృత్తులు ఎదుగు బిడ్డకు చిన్న సంగతి కాదు. కాని అక్కడ ప్రతి బిడ్డయు, తనకేది కావలెనో తోటివారందరు చూచుచుండగా చేయి చాచి తెలుపవలెను. కాకాకు లభించిన మరుగు ఆ బిడ్డకు లేదు, మా హమాలీకిని లేదు. కనబడని గుడ్డునకు లోపల పీట, కనబడు గుడ్డునకు గడపవెలుపల నేల.

కాకా మెడలోని ఇష్టలింగము ఏ శరణుల వారసత్వమో, ఆ శరణులు ఈ జిల్లాలోని బసవకల్యాణముననే 12వ శతాబ్దిలో బసవేశ్వరునిచుట్టు కూడిరి. చెప్పులు కుట్టిన హరళయ్య వారిలో నొకడు. శ్రమనే పూజగా నెంచు కాయకము, ఉన్నదానిని పంచిపెట్టు దాసోహము వారి ధర్మములు. దాసోహమను మాటను నేనెరిగినంతలో, ఏమి వడ్డించిరి యనుటకంటె ఎవరెవరు కలిసి కూర్చుండిరి యనునది దానికి ప్రాణము. కాకాయు కాదనరు. అయినను అడ్డగీత పళ్లెములోని వస్తువువద్దనే పడుచున్నది.

చెప్పవద్దనుటలో ఆయన తన వ్రతమును నా చేత న్యాసముగా ఉంచిరని కొంతకాలమునకు నాకు తోచినది. ఒకరు దాచుకొన్న ధనమును వారు అడుగరను ధైర్యముతో వాడుకొనుట తగదు. కావున పెరుగును వంటసోడాను చేర్చి గుడ్డు లేని కేకు చేసితిని. కాకా ఒక ముక్క నోట వేసికొని కొంతసేపు ఆలోచించి, "ఈపారి ఏదో తక్కువైంది బిడ్డా" అనిరి.

"పెరుగేసినా, కాకా" అంటిని.

ఆయన నావైపు చూచిరి. తక్కువైన దేదియో అర్థమైనదనియే నా నమ్మకము. మారు పలుకక మిగిలినది తినిరి. నేను న్యాసము కాపాడితిననుకొన్నది ఆయన నాలుకకు నష్టమే యైనది. అయినను పెరుగు కేకే చేయుచున్నాను.

హమాలీ గుడ్డు సంగతి మాత్రము దీనితో తీరలేదు. పైగా బరువెక్కినది. కేకునుండి గుడ్డును తీసివేసి లోపలి బల్లను నేను మరింత శుద్ధము చేసితిని, వెలుపలి దానిని మరింత వెలుపలికి త్రోసితిని. అతనిని లోపలికి పిలిచి, కేకు ప్రక్కనే ఉడికిన గుడ్లు కూడ పెట్టవలెనని యున్నది. కాకా తినవలసిన పని లేదు. అదే బల్లవద్ద కూర్చుండిన చాలును. అన్నినాళ్లు గుడ్డు కలిసిన కేకును ఆ బల్లపై పెట్టుటకు ఎవరి అనుమతియు నాకు అవసరము కాలేదు. పెంకు తీసిన గుడ్డును పెట్టుటకు యజమానిని అడుగవలసియున్నది. కందుల సీజను మొదలగులోపల అడిగెదను.