సన్నగీత

ఈమధ్య గుంటూరులో వేయించే శుభలేఖలు చూశారా? తెలుగు పుట బాపుగారి ఒంపుల అక్షరాలు. ఇంగ్లీషు పుట మాత్రం ఒక గీత లావు, పక్కది వెంట్రుకంత సన్నం. ఆ సన్నగీత వల్లే లావుగీతకు ఆ సొగసు. నాకూ ఇష్టమే సుమండీ!

ఈ తీరులో పేరుమోసినవి బొదోనీ అక్షరాలు. ఇటలీలో, పార్మా నగరంలో ముద్రాపకుడైన ఆ బొదోనీ 1813లో పోయాడు. జీవితమంతా ఆయన చెక్కిన అక్షరాల నమూనాలను 1818లో రెండు సంపుటాలుగా అచ్చువేసి లోకానికిచ్చింది భార్య మార్గరీటా. ముఖపత్రం మీద ఆయన పేరు బిరుదుతో సహా ఉంది. ప్రచురించినవారి చోట ఆవిడ పేరు లేదు. ‘వితంతువు వద్ద’ అని, అంతే!

అప్పటి ఆచారం అంటారు. భర్త పేరు నిలిస్తే చాలనుకుందేమో కూడా. కావచ్చు. కాని ఇష్టపడి వెనక నిలబడడం వేరు, ముందు చోటే లేకపోవడం వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, అదే చిక్కు. మన కార్డుల్లో కొన్నిటి మీద ఇప్పటికీ ‘కీర్తిశేషులు ఫలానావారి ధర్మపత్ని’ అనే ఉంటుంది. ప్రూఫు దిద్దేటప్పుడైనా, “అమ్మా, నీ పేరు వేయించమంటావా?” అని ఆ తల్లిని ఎవరైనా అడిగారా?