పూటకూళ్లవాడు పుచ్చుకొన్న వెల

ధ్యాన భాగములు: లూకా 10:30–35, 2 రాజులు 5:15–27



కోవిడ్ తెగులు కాలము గడచిపోయినది గాని, ఆ దినములలో ఆసుపత్రి ఖర్చులకై చేసిన అప్పులు మన పల్లెలలో కొన్ని ఇండ్లను ఇంకను విడువలేదు. కావున ఈ ప్రశ్న మన ముందున్నది: రోగికి చేసిన వైద్యమునకు వెల పుచ్చుకొనుట పాపమా?

లేఖనములలో ఇద్దరిని చూడుడి. పూటకూళ్లవాడు సమరయుని యొద్ద రెండు దేనారములు పుచ్చుకొనెను. గేహజీ నయమాను యొద్ద నాలుగు మణుగుల వెండి పుచ్చుకొనెను. మొదటివానిని ప్రభువు ఒక్క మాటయైనను నిందింపలేదు. రెండవవాడు కుష్ఠరోగియై బయటికి వెళ్లెను.

భేదమెక్కడ నున్నది? దేనారము ఒక దినపు కూలి (మత్తయి 20:2). పూటకూళ్లవాడు చేయవలసిన పరిచర్యకు వెల తీసికొనెను. అంతకంటె ముఖ్యమైనది, గాయపడినవానిని ఎవరును వెల అడుగలేదు. దోపిడికి గురియై పడియున్న వానికి ఇచ్చు శక్తి లేదు, బేరమాడు శక్తియు లేదు. వాని పక్షమున సమరయుడు పూచీపడెను. గేహజీయైతే తన యజమానుడు వద్దన్న దానిని అబద్ధమాడి రాబట్టెను.

ఇక మన లెక్క చూతము. 2020 జూనులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు ఆసుపత్రులలో కోవిడ్ వైద్యమునకు హద్దు గీసెను: సాధారణ వార్డులో దినమునకు 4,000 రూపాయలు, వెంటిలేటరుతో 9,000 రూపాయలు. ఖరీదైన మందుల లెక్క వేరు. ఆ యేడు ఉపాధి హామీ కూలి దినమునకు 237 రూపాయలు. అనగా వార్డులో ఒక దినము పదునేడు దినముల కూలి. వెంటిలేటరుపై ఒక దినము ముప్పదియెనిమిది దినముల కూలి! ఆ హద్దును సయితము మీరినందున 2020 ఆగస్టులో హైదరాబాదులో రెండు ఆసుపత్రుల కోవిడ్ అనుమతి రద్దాయెను.

ప్రైవేటు వైద్యులందరు దోషులని చెప్పుట న్యాయము కాదు. అనేక వైద్యులు, నర్సులు ప్రాణములకు తెగించి సేవ చేసిరి. ఆసుపత్రి నడుపుటకు ఖర్చు కలదు. వెల పాపము కాదు. కాదనలేని గడియలో, ఊపిరాడని తండ్రిని పట్టుకొనియున్న కుమారుని భయమునకు వెలకట్టుట పాపము.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో కోవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చి, అర్హుల పక్షమున ప్రభుత్వమే ఆసుపత్రులకు చెల్లించు ఏర్పాటు చేసిరి. సమరయుని పూచీ అట్టిదే. పూటకూళ్లయిల్లు ఉండవచ్చును గాని, పూచీపడువాడు లేనియెడల అది బీదవానికి రెండవ దోపిడియగును.

అయితే గేహజీ పట్టణములోనే యున్నాడా? పొరుగువాని భార్య ఆసుపత్రిలో నుండగా నూటికి అయిదు రూపాయల వడ్డీకి అప్పిచ్చినవాడెవడు? వాని యెకరము సగము వెలకు వ్రాయించుకొన్నవాడెవడు? అట్టివాడు మన బల్ల యొద్దకు వచ్చుచున్నయెడల తన్నుతాను పరీక్షించుకొనవలెను.

మరియొక తెగులు రాకమునుపే ప్రతి సంఘము రోగుల నిమిత్తము ఒక నిధి నేర్పరచుకొనవలెను. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో డాక్టరు, మందులు, ఆక్సిజను ఉండవలెనని గ్రామసభలో లేచి అడుగవలెను. అదియు పొరుగువానిని ప్రేమించుటయే.

మన గాయములకు తానే వెల చెల్లించిన ప్రభువు మనకు సమరయుని మనస్సు దయచేయును గాక. ఆమేన్.